పల్లేరుకాయా, పిట్టముక్కూ

నా నవల ఒకటి సీరియల్‌గా వస్తున్న రోజుల్లో తెనాలి నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. కాలేజీలో జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరయిన మనిషి. పాఠకుల ఉత్తరాలు నాకు కొత్తేమీ కాదు. హీరోయిన్ని చంపొద్దని రాసేవాళ్ళూ, అత్తగారికి బుద్ధి చెప్పమని రాసేవాళ్ళూ, మీరు వాడిన చీర రంగు ఫలానా నేతలో ఉండదండీ అని దిద్దేవాళ్ళూ అందరూ ఉన్నారు. ఈవిడ ఉత్తరం అలాంటిది కాదు.

ఆ నవల్లో ఒక అన్న ఉంటాడు. భర్త పోయి పుట్టింటికొచ్చిన చెల్లెలికి ఇంట్లో వాటా ఇవ్వనంటూ, "బలమున్నదే బతుకుతుందమ్మా, ఇది ప్రకృతి ధర్మం, డార్విన్ అంతటివాడే చెప్పాడు" అంటాడు. అంతవరకూ సరే. ఆ పేరా చివర నేను నా తరఫున ఇంకో వాక్యం జోడించాను. ప్రకృతి యోగ్యులను మిగుల్చుకుని తక్కినవాళ్ళను ఊడ్చేస్తుందనీ, ఆ సంగతి సుభద్రకు ఆ రాత్రి బోధపడిందనీ. రాసినప్పుడు ఆ వాక్యం నాకెంతో ముచ్చటేసింది సుమండీ. రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా.

ఆవిడ రాసింది ఇదీ: "అన్నగారు ఆ మాట అనడంలో తప్పు లేదు. అలాంటి అన్నగార్లను నేనెరుగుదును. కానీ మీరు కూడా వెళ్ళి ఆయన పక్కనే నిలబడ్డారేం? చదివి నిలబడ్డారా, వినికిడి మీద నిలబడ్డారా?" ఉత్తరంతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం. జోనథన్ వైనర్ అనే అమెరికన్ రచయిత రాసిన 'ది బీక్ ఆఫ్ ది ఫించ్'. 1994లో వచ్చింది, మరుసటేడు దానికి పులిట్జర్ బహుమతి ఇచ్చారు.

నేను చదివింది బి.ఏ. చరిత్ర. పరిణామ సిద్ధాంతం నాకు వినికిడే. అయినా ఎవరో ఏదో అన్నారంటే రోషం రాకుండా ఉంటుందా? రెండు వారాలు ఆ పుస్తకం కుట్టుమిషను మీదే పడి ఉంది. తర్వాత ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కపోతలో నిద్ర పట్టక, కిటికీ దగ్గర కూర్చుని తెరిచాను. దీపాలు పెట్టే వేళ దాటింది కూడా తెలియలేదు.

కథ జరిగే చోటు పసిఫిక్ సముద్రంలో, ఈక్వెడార్ దేశపు తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న గాలాపాగోస్ దీవులు. 1835లో డార్విన్ వెళ్ళి అయిదు వారాలు తిరిగిన దీవులివే. అక్కడ ఫించ్‌లనే పిట్టలున్నాయి. ఇంచుమించు మన ఊరపిచ్చుకంత ఉంటాయి. చూడ్డానికేమీ అందం కాదు, నలుపూ బూడిదరంగూ. కానీ ఒక్కో రకానికి ఒక్కో తీరు ముక్కు. గింజలు పగలగొట్టే మొద్దు ముక్కు, నాగజెముడు పువ్వులో దూర్చే పొడుగు ముక్కు, పురుగుల్నేరుకునే సన్నముక్కు. ఎన్నో లక్షల ఏళ్ళ క్రితం పెద్దనేల మీంచి కొట్టుకొచ్చిన ఒకే వంశం ఇలా చీలిపోయిందని చెబుతారు. తమాషా ఏమిటంటే, డార్విన్ ఆ పిట్టల్ని పట్టుకెళ్ళాడే గానీ ఏ పిట్ట ఏ దీవిదో సరిగా చీటీలు కట్టలేదట. వాటి చుట్టరికం లండన్‌లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1837లో తేల్చాడు. అంతటి మహానుభావుడు కూడా డబ్బాల మీద పేర్లు రాసుకోలేదని చదివితే నాకు కాస్త ధైర్యం వచ్చింది. మా వంటింట్లో ధనియాల డబ్బా తెరిస్తే మెంతులుంటాయి.

డార్విన్ కథ పుస్తకానికి తలుపు లాంటిది మాత్రమే. లోపల ఉన్నది ఇంకో కథ. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే భార్యాభర్తలు 1973లో ఆ దీవులకు వెళ్ళారు. డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవిని ఎంచుకున్నారు. దాదాపు ఎనభై ఎకరాలు, అంతే. చల్లారిన అగ్నిపర్వతం సముద్రంలోంచి తల బయటపెట్టినట్టుంటుంది. ఇసుకతీరం లేదు, చెట్టునీడ లేదు, తాగడానికి చుక్క నీళ్ళు లేవు. చిన్న పడవలో వెళ్ళి, అల పైకెత్తినప్పుడు రాతి అంచు మీదకి దూకాలి. నీళ్ళ క్యాన్లూ తిండి డబ్బాలూ అన్నీ అలాగే అందించుకోవాలి, కొండ మీదికి మోసుకోవాలి. డేరా వేసుకోవడానికి కాస్త చదునైన చోటు ఒక్కటి. చిన్న గుహ ఒకటి వంటిల్లు. అక్కడ నెలల తరబడి ఉండి ఆ దంపతులు చేసింది ఏమిటయ్యా అంటే, పిట్టల ముక్కులు కొలవడం.

నవ్వొచ్చింది కదూ? నాకూ వచ్చింది. వలలో పడ్డ పిట్టను మెల్లగా తీయడం, రెక్క కొలవడం, తూకం వేయడం, ముక్కు పొడవూ లోతూ వెడల్పూ మిల్లీమీటర్లలో పదో వంతు దాకా కొలిచి పుస్తకంలో రాసుకోవడం, కాలికి రంగు రింగులు తొడిగి వదిలేయడం. దాని పిల్లలకీ అంతే, పిల్లల పిల్లలకీ అంతే. మనుషుల్ని ఎన్నడూ చూడని పిట్టలు కనుక వాటికి భయం లేదు, వచ్చి చేతి మీద వాలతాయట. దీవిలో ఏ పిట్ట ఎవరి కూతురో, ఎవర్ని కట్టుకుందో, ఎంతమంది పిల్లలు నిలిచారో అన్నీ ఈ దంపతుల లెక్కల్లో ఉన్నాయి. మా పెద్దమ్మకి ఊరందరి బంధుత్వాలూ ఇలాగే నోటికొచ్చేవి. ఆవిడకి కొలపరికరం లేదు, అంతే తేడా.

ఇక్కడ వైనర్ పనితనం గురించి చెప్పాలి. కొలతల గురించి రాయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకు తెలుస్తుంది. పాఠకుడు ఆవులించకుండా అంకెలు చెప్పాలి. వైనర్ ఒక ఉపాయం చేశాడు. ముందు మన చేత ఓ పిట్టను పట్టించాడు. దాని గుండె వేళ్ళకి తగిలేట్టు చేశాడు. ఆ తర్వాత గానీ అంకె చెప్పలేదు. అందుకని ఆ అంకె ఒక ప్రాణికి సంబంధించిందని మనం మరిచిపోం.

మన భాషలో ఇంకో సౌకర్యం ఉంది, పాపం ఆయనకు లేనిది. మనకు మనిషికీ పిట్టకీ ఒకే ముక్కు. పురిటింట్లో బిడ్డను చూడ్డానికొచ్చిన వాళ్ళంతా మొదట చూసేది ముక్కే కదా. నాన్న ముక్కా, మేనమామ ముక్కా అని. గ్రాంట్ దంపతుల బృందం తేల్చిన మొదటి సంగతి కూడా అదే. మొద్దుముక్కు తల్లిదండ్రులకు మొద్దుముక్కు పిల్లలే పుడతారు. ఇది తేలకపోతే తర్వాతి కథ లేదు.

తర్వాతి కథ 1977.

ఆ ఏడు డాఫ్నీలో వాన పడలేదు. వానాకాలమంతా కలిపి 24 మిల్లీమీటర్లు. మొక్కలు మొలవలేదు, కొత్త గింజ లేదు. పిట్టలు గూళ్ళు కట్టలేదు. మొదట్లో నేల మీద మెత్తటి చిన్న గింజలు ఏరుకుతిన్నాయి. అవి అయిపోయాయి. ఇక మిగిలింది ట్రిబ్యులస్ అనే మొక్క కాయలు.

ఆ వర్ణన చదువుతుంటే ఎక్కడో చూసినట్టే అనిపించింది. నేల మీద పాకే తీగ, పచ్చటి పువ్వు, ఎండితే ఇనుములా గట్టిపడే ముళ్ళ కాయ. లేచి నిఘంటువు చూశాను. అనుకున్నదే! మన పల్లేరు. సరిగ్గా అదే కాదు గానీ దాని అప్పచెల్లెలు, అదే జాతి. చిన్నప్పుడు పొలం గట్ల మీద చెప్పుల్లేకుండా నడిచిన వాళ్ళెవరూ పల్లేరుకాయను మర్చిపోరు. కాల్లో గుచ్చుకుంటే ఒంటికాలి మీద గెంతుతూ ఇంటికి రావడమూ, అమ్మమ్మ పిన్నీసుతో ముల్లు తీస్తూ "గట్టు మీద కాక గుడ్డిగా నడుస్తావేం" అని తిట్టడమూ. ఎక్కడి పసిఫిక్ సముద్రం, ఎక్కడి మా గుంటూరు జిల్లా! ఆ క్షణం నుంచి ఆ దీవి నాకు పరాయిది కాకుండా పోయింది.

ఆ కాయను రాతికి అదిమిపెట్టి, ముక్కుతో పట్టి మెలితిప్పి, చీల్చి, లోపలి గింజ తీయాలి. లోతైన గట్టి ముక్కున్న పిట్టకు అది సాధ్యం. అంతకంటే అర మిల్లీమీటరు తక్కువ ముక్కున్న పిట్ట ఆ కాయ జోలికే పోదు. అర మిల్లీమీటరంటే ఎంత? మన గోరు మందం. దీవిలో మధ్యరకం నేలఫించ్‌లు 1,200 దాకా ఉండేవి. కరువు ముగిసేసరికి 180 మిగిలాయి. మిగిలినవి చాలావరకు ముక్కు పెద్దవి. మరుసటేడు వాటికి పుట్టిన పిల్లల ముక్కులు కరువుకు ముందు తరం కంటే సగటున నాలుగైదు శాతం పెద్దవి. పరిణామం అనేది వేల ఏళ్ళకు గానీ కంటికి కనబడదని డార్విన్ అనుకున్నాడు. ఇక్కడ రెండేళ్ళలో, కొలబద్ద మీద కనబడింది.

ఇక్కడ నా వృత్తి అలవాటు ఒకటి బయటపడింది. నేనే అయితే ఆ చచ్చిన పిట్టల్లో ఒకదానికి పేరు పెట్టేదాన్ని. దాని గూడూ, దాని జంటా వర్ణించి, చివరిసారి అది పల్లేరుకాయ మీద ముక్కు పెట్టి వదిలేసినట్టు రాసి, చదివేవాళ్ళ కళ్ళు తడిసేదాకా ఊరుకునేదాన్ని కాదు. వైనర్ అది చేయలేదు. కాలికి రింగున్న పిట్ట కనబడలేదు, లెక్కలో ఆ గడి ఖాళీ. ఆ నిగ్రహం చూసి నాకు అసూయ కలిగింది. పేరు పెడితే ఒక్క పిట్ట కోసం ఏడ్చేవాళ్ళం. పేరు పెట్టలేదు కాబట్టి వెయ్యి పిట్టలు పోయినట్టు తెలిసింది.

ఆ లెక్కలో ఒక గడి దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఫించ్‌లలో ఆడపిట్టలు సగటున చిన్నవి, వాటి ముక్కులూ చిన్నవే. కాబట్టి కరువులో ఎక్కువగా పోయింది ఆడవే. బతికిన ఒక్కో ఆడపిట్టకూ అయిదారుగురు మగపిట్టలు మిగిలారు. మళ్ళీ వాన పడ్డాక ఆ కొద్దిమందీ తమకు నచ్చిన మగవాణ్ణి ఎంచుకున్నారు. పెద్ద ఒళ్ళూ పెద్ద ముక్కూ ఉన్నవాళ్ళనే ఎంచుకున్నారు. స్వయంవరం చదివి సంతోషించాలో, దాని ముందు జరిగింది తలుచుకుని బాధపడాలో తేల్చుకోలేక పుస్తకం బోర్లించి కాఫీ పెట్టుకున్నాను.

ఇంతవరకూ చదివి ఎవరైనా ఏమనుకుంటారు? "మరింకేం, అన్నగారు చెప్పిందీ అదేగా, బలమున్నదే బతికింది" అనుకుంటారు. నేనూ అనుకున్నాను. పైగా కొంచెం గర్వపడ్డాను. తెనాలి ఆవిడకు రాయవలసిన జవాబు మనసులో సగం కూర్చుకున్నాను కూడా.

తరువాత 1982 చివర్లో, 1983లో ఎల్ నీన్యో వచ్చింది. 1977లో 24 మిల్లీమీటర్లు కురిసిన చోట వెయ్యికి పైగా కురిసింది. రాళ్ళ మీదంతా తీగలు అల్లుకున్నాయి. నాగజెముడు కూడా వాటి కింద మునిగిపోయింది. పిట్టలు ఒక ఈడు పిల్లలు ఎగరకముందే ఇంకో ఈడుకు గూడు కట్టాయి. పండగే పండగ. తర్వాత మళ్ళీ వానలు తగ్గాయి. అప్పుడు నేల నిండా ఉన్నవి ఆ తీగలూ గడ్డీ రాల్చిన సన్న గింజలు. పల్లేరు లాంటివి తీగల కింద అణగారిపోయాయి. కొన్నేళ్ళ క్రితం తమ వంశాన్ని నిలబెట్టిన ఆ మొద్దుముక్కులకు ఈ సన్నగింజలు ఏరడం చేతకాలేదు. పెద్ద ఒంటికి కావలసినంత తిండి వాటితో నిండలేదు. 1984, 85లలో పోయినవి పెద్దముక్కులు, నిలిచినవి చిన్నముక్కులు.

అదే దీవి, అదే జాతి. ఎనిమిదేళ్ళు తిరగలేదు, తీర్పు తలకిందులు.

ఈ అధ్యాయమే పుస్తకానికి ప్రాణమని నా అభిప్రాయం. యోగ్యత అనేది పిట్ట లోపల ఉండే సుగుణం కాదన్నమాట. ఆ ఏడు వానకీ, ఆ నేల మీద మిగిలిన గింజకీ, ఈ ముక్కుకీ మధ్య కుదిరిన పొత్తు. కుదిరినన్నాళ్ళే అది. 'యోగ్యతములే మిగులుతారు' అన్న మాట అసలు డార్విన్ పుట్టించింది కూడా కాదట. హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో అన్నది. డార్విన్ 1869లో తన గ్రంథం అయిదో కూర్పులో చేర్చుకున్నాడు. అప్పటికైనా ఆ మాటకు అర్థం 'పరిస్థితికి సరిపడ్డవాడు' అనే. 'బలమున్నవాడు' అనుకున్నది ఆ తర్వాతి లోకం. ఆస్తి పంచని అన్నగార్లూ, కార్మికులకు కూలి పెంచని యజమానులూ, ఇంకా చాలామంది పెద్దమనుషులూ ఆ మాటను ఎంతో వాడుకున్నారు. వాళ్ళకది అవసరం. నవలలు రాసేవాళ్ళం మాకేం అవసరమో నాకిప్పటికీ తెలియదు. ఎక్కడైనా ఒక పాత్ర ఓడిపోతే, ఎందుకు ఓడిపోయిందో వెతకడానికి ఓపిక లేక 'ప్రకృతి' అనేస్తామేమో. సుభద్ర ఓడిపోయింది ప్రకృతి వల్ల కాదు. వాళ్ళ నాన్న వీలునామా రాయకపోవడం వల్లా, ఊళ్ళో పెద్దలు ఆడపిల్లకి వాటా ఏమిటన్నందువల్లా. అది రాయడానికి నేను ఇంకో పది పేజీలు కష్టపడాలి. ఒక్క వాక్యంతో తప్పించుకున్నాను.

పుస్తకంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. వైనర్‌కు డార్విన్ మీద భక్తి మెండు. దీవిలో ఏదైనా కొత్త సంగతి బయటపడిందనుకోండి, మనం తేరిపార చూసేలోపే ఆయన పరుగున వెళ్ళి డార్విన్ ఉత్తరాల్లోంచో గ్రంథంలోంచో ఒక ముక్క పట్టుకొచ్చి పక్కన పెడతాడు. ప్రతి తాంబూలంలోనూ కుంకుమ భరిణె పెట్టినట్టు. నాలుగో అయిదోసారికి, "నాయనా, ఆ పిట్టను కాస్త చూడనీ" అనాలనిపించింది. ఇక చివరి భాగంలో దీవిని వదిలేసి లోకమంతా తిప్పుతాడు. పురుగుమందుకు లొంగని పురుగులు, యాంటీబయాటిక్స్‌కు లొంగని సూక్ష్మజీవులు. అవసరమైన సంగతులే, కాదనను. పత్తి చేల పురుగు గురించిన పేజీలు మన పత్తి రైతు చదివితే "ఇది మా ఇంటి కథే" అంటాడు. అయినా దీవి మీద అంత శ్రమపడి కట్టిన ఏకాగ్రత అక్కడ చెదిరింది. రాళ్ళ మీద కూర్చోబెట్టి కథ చెబుతున్న మనిషి ఉన్నట్టుండి లేచి ఉపన్యాస వేదిక ఎక్కినట్టయింది.

నా అసలు కొరత ఇంకొకటి. ఆ వంటగుహలో ఉన్నావిడ.

రోజ్‌మేరీ గ్రాంట్ పుస్తకం నిండా ఉన్నారు. వైనర్ ఆమెను భర్త నీడగా ఎక్కడా చూపించలేదు. ఆ మర్యాదకు ఆయన్ను మెచ్చుకోవాలి. అయితే ఆయన ఆవిడ చేతిలోని కొలపరికరాన్ని చూసినంత శ్రద్ధగా ఆవిడ గడిపిన ఏళ్ళను చూడలేదనిపించింది. ఆవిడ 1936లో ఇంగ్లండులో పుట్టారు. ఎడింబరోలో చదివి, 1960లో కెనడా వెళ్ళి యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1962లో పెళ్ళి. తర్వాత ఇద్దరాడపిల్లలు. 1973లో దీవులకు బయల్దేరేనాటికి పెద్దదానికి ఎనిమిది, చిన్నదానికి ఆరు. పిహెచ్.డి. పట్టా తీసుకున్నది 1985లో, స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ నుంచి. యాభైకి చేరువలో! ఈ మధ్యలో ఏం జరిగింది? ఇల్లు చూసుకున్న ఏళ్ళలో ఆవిడ ఏమనుకునేవారు? నీళ్ళు కొలిచి వాడుకునే రాతిగుట్ట మీద పిల్లలకి జ్వరమొస్తే ఏం చేశారు? భర్తకు ముందే వచ్చిన బిరుదు తనకు వచ్చేదాకా, ఇద్దరూ ఒకే పని చేస్తున్నా, లోకం ఆవిడను ఏమని పిలిచింది? నాకు ఇవి కావాలి. పిట్టల ముక్కులు మిల్లీమీటర్లలో కొలిచిన పుస్తకం ఈ పన్నెండేళ్ళను కొలవకుండా దాటేసింది.

ఆ పిల్లలు మటుకు ఊరికే కూర్చోలేదు. అమ్మానాన్నల్ని చూసి వాళ్ళూ పిట్టల వెంట పడ్డారు. ఒకమ్మాయి పావురాల మీదా, ఒకమ్మాయి మాకింగ్‌బర్డ్ అనే పిట్టల మీదా తండ్రితో కలిసి రాసిన వ్యాసాలు 1979లో శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యాయి. సెలవుల్లో మా అమ్మాయి చేత బీరువా సర్దించలేకపోయిన నేను ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రోజ్‌మేరీగారు 2024లో తన కథ తానే రాసుకున్నారు. ఆ పుస్తకం పేరు తెలుగులో చెప్పాలంటే 'ఒకడుగు పక్కకి, మూడడుగులు ముందుకి'. పేరు చూడండి, ఎంత నేర్పో. పక్కకి వేసిన అడుగుని ఆవిడ వెనకడుగు అనలేదు. వైనర్ పుస్తకం చదివినవాళ్ళు దీన్ని కూడా పక్కన పెట్టుకోవాలి. రెండూ కలిస్తేనే ఆ దీవి పూర్తవుతుంది.

1994 నాటి పుస్తకానికి ఇంకో చిక్కు ఉంది. అది రచయిత తప్పు కాదు. కథ అచ్చయ్యాక కూడా ఆగలేదు. గ్రాంట్ దంపతులు 2012 దాకా, నలభై ఏళ్ళు ఏటా ఆ దీవికి వెళుతూనే ఉన్నారు.

2003లో మళ్ళీ కరువు మొదలైంది. మళ్ళీ సన్నగింజలు అయిపోయి పల్లేరుకాయలు మిగిలాయి. 1977 పాఠం చదివిన మనం ఏమంటాం? పెద్దముక్కులు బతుకుతాయంటాం. బతకలేదు! 1982లో పెద్దరకం నేలఫించ్ అనే ఇంకో జాతి పిట్టలు వచ్చి ఆ దీవిలో కాపురం పెట్టాయి. వాటి ముందు మధ్యరకంలోని మొద్దుముక్కులు ఏపాటివి? పల్లేరుకాయలన్నీ ఆ కొత్తవాళ్ళే ఊడ్చుకుతిన్నారు. పెద్దముక్కు నేలఫించ్‌లు ఆకలితో పోయాయి. సన్నగింజలేవో ఏరుకుంటూ ఎవరి జోలికీ పోని చిన్నముక్కులు నిలబడ్డాయి. తిండి అంతా లాక్కున్న ఆ పెద్దపిట్టలు కూడా కాయలు అయిపోయాక చాలావరకు చచ్చిపోయాయి. అదే కరువు, అదే కాయ, ఫలితం మాత్రం సరిగ్గా ఎదురు. పక్కింట్లో ఎవరు దిగారన్నదాన్ని బట్టి కూడా యోగ్యత మారుతుందన్నమాట. ఈ సంగతి 2006లో ప్రకటించారు. వైనర్‌కు ఈ అధ్యాయం దొరికుంటే ఆ చివరి భాగం తిరుగుళ్ళు మానుకునేవాడేమో.

ఇంకొకటి కూడా చెప్పి ఆపుతాను. ఇది నవలలు చదివేవాళ్ళకు తప్పక నచ్చుతుంది. 1981లో డాఫ్నీకి ఒక వింత మగపిట్ట వచ్చింది. పెద్ద ఒళ్ళు, పెద్ద తల. పాట కూడా అక్కడివాళ్ళ పాట కాదు. వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి తప్పిపోయి వచ్చిందని చాలా ఏళ్ళ తర్వాత రక్తపరీక్షల్లో తేలింది. అది స్థానికురాలైన ఒక మధ్యరకం నేలఫించ్‌ను కట్టుకుంది. ఫించ్‌లలో కొడుకులు తండ్రి పాటే నేర్చుకుంటారు. కూతుళ్ళు తండ్రి పాటను బట్టే వరుణ్ణి ఎంచుకుంటారు. దాంతో ఆ యింటి పిల్లలు ఆ యింటి వాళ్ళనే చేసుకోవడం మొదలుపెట్టారు. మన మేనరికాలు ఏ మూలకి! 2003 నాటి కరువులో ఆ వంశం మొత్తానికీ ఒక అన్నా ఒక చెల్లెలూ మిగిలారు. మళ్ళీ వాన పడ్డాక వాళ్ళిద్దరే జతకట్టి వంశం నిలబెట్టారు. ముప్ఫై ఏళ్ళకు ముప్ఫై దాకా అయ్యారు. వేరే పాట, వేరే ముక్కు, వేరే పెళ్ళిళ్ళు. కొత్త జాతి మొదలవడం ఇలాగే ఉంటుందని 2017లో శాస్త్రజ్ఞులు రాశారు. దిక్కు తప్పి వచ్చిన ఒక్క పిట్ట! అది పుట్టిన దీవిలోనే ఉండిపోయి ఉంటే దాని గురించి ఎవరికీ ఒక్క ముక్క కూడా తెలిసేది కాదు.

మొన్న నా నవల పుస్తకంగా వేయడానికి ప్రూఫులు వచ్చాయి. అన్నగారి మాట అలాగే ఉంచాను. అలా అనేవాళ్ళు ఉన్నారు కనుక ఉండాలి. దాని కింద నేను రాసిన వాక్యం కొట్టేశాను. సుభద్ర ఆ రాత్రి ఏం గ్రహించిందో తిరిగి రాయడానికి పదకొండు పేజీలు పట్టింది. ప్రెస్సువాళ్ళు విసుక్కున్నారు, ఫారం పెరుగుతుందని.

తెనాలి ఆవిడకు జవాబు రాశాను. పుస్తకం పంపించేస్తానని కూడా రాశాను. ఇంకా పంపలేదు. మా అమ్మాయి చదువుతోంది.